ఎవరి జాగాలో ఎవరు?

1988లో మా మేనబావ బొంబాయిలో ఒక గోడ కట్టాడు. గోడ కూడా కాదు, గోడ మూల. ఒక ఏజెంటు ఆఫీసు వెనక దొడ్లో పదిమందికి తలా రెండు గజాల జాగా చూపించి, సిమెంటు బ్లాకులు ఇచ్చి, గంట సేపట్లో నాలుగు వరసల ఎత్తు మూల లేపమన్నారు. మాల్‌లో సిమెంటు లేదు. ఇసుకలో ఇంత సున్నం కలిపిన మాల్ అది. అది గట్టిపడకూడదు. పరీక్ష చేసే ఇంజనీరు వచ్చి రసమట్టం పెట్టి, తూకం గుండు వేలాడదీసి, మూలమట్టంతో మూల సరిచూసి పేరు రాసుకున్నాడు. ఆయన వెనకే ఒక కుర్రాడు వచ్చి ఆ మూలను విప్పేసి, బ్లాకులకు అంటిన మాల్‌ను గోకి మళ్లీ తట్టలో వేశాడు. తర్వాతి పదిమంది బయట నిలబడి ఉన్నారు.

"నాలుగొద్దులు గదే మాల్ తోటి కట్టిచ్చిండ్రు బామ్మర్దీ" అని ఇప్పటికీ నవ్వుతాడు.

జగిత్యాల చుట్టుపక్కల ఊళ్లలో 'దుబాయిల పని దొరికింది' అంటారు. ఈ మాటను నేను కూడా ఎన్నో ఏళ్లు ఆలోచించకుండా వాడాను. దొరకడం అంటే ముందు వెతకడం ఉండాలి. మా బావ పని వెతకలేదు. అతను వెతికింది ఏజెంటును, ఏజెంటుకు ఇవ్వడానికి నూటికి మూడు రూపాయల వడ్డీ అప్పును. పనిని అతనికోసం వేరే ఎవరో వెతికిపెట్టారు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే పనికోసం అతన్ని వెతికారు. ఎక్కడ పెట్టాలో, ఎవరి జాగాలో పెట్టాలో అతను విమానం ఎక్కకముందే నిర్ణయమైపోయింది.

గల్ఫ్ వలస మీద మన దగ్గర కథలు, పాటలు, కవితలు తక్కువేమీ రాలేదు. అప్పులవాళ్లు గుమ్మం ముందు కూర్చోవడం, ఒంటరిగా మిగిలిన భార్య, విమానాశ్రయం బయట శవపేటికకోసం ఎదురుచూపు - ఇవన్నీ నిజాలే, రాయవలసినవే. కాని మన సాహిత్యం వలస కూలీని రెండు సందర్భాల్లోనే చూసింది: పోయేటప్పుడు, వచ్చేటప్పుడు. ఈ రెండింటికీ మధ్య అతను ఏం చేశాడో, ఆ పని అతనికి ఎలా వచ్చిందో, అతనికంటే ముందు ఆ పని చేసినవాళ్లు ఏమయ్యారో మనం అడగలేదు. బాధితుడిగా మాత్రమే చూస్తే కార్మికుడు కనిపించడు. కార్మికుడు కనిపించకపోతే అతని పక్కన నిలబడవలసిన మరో కార్మికుడూ కనిపించడు. ఈ వ్యాసం ఆ ప్రశ్నను చరిత్రలో వెనక్కి తీసుకుపోయే ప్రయత్నం.

పెట్టుబడిదారీ సమాజంలో కార్మికుడు రెండు అర్థాల్లో స్వేచ్ఛాజీవి అంటాడు మార్క్స్. తన శ్రమశక్తిని తన సొంత సరుకుగా ఎవరికైనా అమ్ముకునే స్వేచ్ఛ ఒకటి. అది తప్ప అమ్ముకోవడానికి మరేమీ లేకపోవడం అనే 'స్వేచ్ఛ' రెండోది. ఈ రెండో స్వేచ్ఛ మనవాళ్లకు పుష్కలంగా ఉంది. మొదటిది సముద్రం దాటిన కూలీకి ఎప్పుడైనా దక్కిందా అన్నదే ప్రశ్న.

మేస్త్రీ అనే మాటతో మొదలుపెట్టవచ్చు. పోర్చుగీసు భాషలోంచి వచ్చి మన నోళ్లలో ఇంకిపోయిన మాట ఇది. తాపీ మేస్త్రీ అంటే పని తెలిసినవాడు. కూలీల మేస్త్రీ అంటే మనుషుల్ని గుప్పిట్లో పెట్టుకున్నవాడు. పని మీద అధికారాన్నీ పనివాడి మీద అధికారాన్నీ ఒకే మాటతో చెప్పుకోవడం ఏ భాషకైనా ఊరికే అలవాటు కాదు. గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల కూలీలను రంగూన్ చేర్చింది రెండో రకం మేస్త్రీయే. ఓడ ఖర్చులకు, ఇంటి దగ్గర తిండికి అతను అడ్వాన్సు ఇచ్చేవాడు. రంగూన్‌లో ఓడరేవులోనో బియ్యం మిల్లులోనో తన మనుషుల్ని దింపేవాడు. యజమాని కూలిని మేస్త్రీకిచ్చేవాడు, మేస్త్రీ తన బాకీ పట్టుకొని మిగిలింది కూలీకిచ్చేవాడు. కోరంగి రేవు పేరుమీద బర్మావాళ్లు తెలుగువాళ్లను 'కోరంగీ'లనే పిలిచారు. ఆ పిలుపులో గౌరవం లేదు.

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల కంపెనీలు వాళ్ల జాగాలో బర్మా కూలీలను తెచ్చి పెట్టాయి. కొద్ది రోజులకు రాజీ కుదిరింది. తెలుగువాళ్లను మళ్లీ పనిలోకి పిలిచారు. ఆ సంగతి బర్మా కూలీలకు ఎవరూ చెప్పలేదు. మే 26న ఎప్పటిలాగే పనికి వచ్చినవాళ్లకు తమ జాగాలో మళ్లీ తెలుగువాళ్లు కనిపించారు. మాటా మాటా పెరిగి కొట్లాట అయింది, కొట్లాట ఊరంతా పాకింది. వందమందికి పైగా చనిపోయారు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లు. చరిత్ర పుస్తకాలు దీన్ని 'ఇండో-బర్మన్ అల్లర్లు' అంటాయి. జాతుల మధ్య ద్వేషం ఉన్నమాట నిజమే. అయితే ఆ రోజు ఉదయం ఓడరేవు గేటు దగ్గర నిలబడ్డవి రెండు జాతులు కావు. ఒకే పనికి ఒకరి తర్వాత ఒకరిని పిలిపించుకున్న రెండు కూలీ గుంపులు. పిలిచిన చెయ్యి ఆ కొట్లాటలో ఎక్కడా లేదు.

ఓడరేవు పని నిర్మాణ పని కాదని పాఠకులు అనవచ్చు. నిర్మాణానికే వస్తాను. బొంబాయిలో కామాటిపురా పేరు ఈనాడు ఏ కారణంగా ప్రసిద్ధమో అందరికీ తెలుసు. అది తెలుగు నేల నుంచి, ముఖ్యంగా నిజాం ఇలాకా నుంచి పోయిన కామాటీల పేట. పద్దెనిమిదో శతాబ్దం చివర సముద్రానికి అడ్డుకట్ట వేసి బొంబాయి దీవుల మధ్య పల్లాన్ని పూడ్చిన తర్వాత, ఆ నేలమీద స్థిరపడి నగరాన్ని కట్టిన కూలీలు వాళ్లు. రెండు వందల ఏళ్ల తర్వాత మా బావ వీసా వచ్చేదాకా 40 రోజులు పడుకున్నది అదే పేటలో ఒక తెలుగు కుటుంబం గదిలో. తను ఎవరి ఇంట్లో పడుకున్నాడో అతనికి తెలియదు. ఆ ఇంటివాళ్లకు మాత్రం తమ ముత్తాతలు రాళ్లు మోసేవాళ్లని తెలుసు.

పాలమూరు కూలీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ మొదలుకొని దేశంలో ఎన్నో ఆనకట్టల మట్టి, రాయి పాలమూరు గుంపులు మోసినవే. అక్కడా గుంపు మేస్త్రీయే, అక్కడా అడ్వాన్సే. ఒక్క తేడా ఉంది. పాలమూరు గుంపులో ఆడవాళ్లు, పిల్లలు కలిసి పోయేవాళ్లు. గల్ఫ్ నిర్మాణ కంపెనీకి మగవాడు మాత్రమే కావాలి. ఈ తేడా చిన్నది కాదు. మన దగ్గర తాపీ పని మగవాళ్లది, తట్ట మోసే పని ఆడవాళ్లది. గల్ఫ్‌లో తట్ట కూడా మగవాడే మొయ్యాలి. వీసా మీద 'మేసన్' అని రాయించుకుపోయిన మా బావను మొదటి 14 నెలలు హెల్పర్‌గా పెట్టారు. బొంబాయిలో సంతకం చేసిన కాగితం ఒకటి, షార్జాలో దిగాక అరబ్బీలో సంతకం పెట్టించిన కాగితం ఇంకొకటి. జీతం రెండోదాని ప్రకారమే ఇచ్చారు. "ఆడోళ్ల పని జేయవడితి" అని తిట్టుకుంటాడు. ఆ పనిని ఆడవాళ్ల పని అని తక్కువ చెయ్యడం మన ఊరి నుంచి మూటగట్టుకుపోయిన భూస్వామ్య సంస్కారమే. తన ఇంటికి స్లాబు వేసేటప్పుడు మాల్ మోసిన ఆడ కూలీలకు మగ కూలీలంత కూలి ఇచ్చావా అని అడిగాను. ఇయ్యలేదన్నాడు.

ఇక చమురు. 1973 అక్టోబరు యుద్ధం తర్వాత కొన్ని నెలల్లోనే చమురు ధర నాలుగింతలయింది. ఎడారి తీరంలో రేవులు, రోడ్లు, నగరాలు లేచాయి. కేరళ నుంచి, ఆ తర్వాత మన కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల నుంచి జనం కదిలింది అప్పుడే. ఇంతవరకు అందరికీ తెలిసిన కథ. ఈ కథలో చెప్పకుండా వదిలేసేది, మనకంటే ముందు అక్కడ పని చేసినవాళ్ల సంగతి. పాలస్తీనీయులు, ఈజిప్షియన్లు, యెమెనీలు వచ్చి అప్పటికే గల్ఫ్‌లో పని చేస్తున్నారు. వాళ్లకు అక్కడి భాష వచ్చు. అందుకే రాజకీయాలూ వచ్చు. సౌదీ చమురు క్షేత్రాల్లో 1953లో, మళ్లీ 1956లో కార్మికులు సమ్మెలు చేశారు. 1956లో సౌదీ రాజు సమ్మెలను నిషేధిస్తూ ఫర్మానా జారీ చేశాడు. నాసర్ పేరు, పాలస్తీనా ప్రశ్న కార్మికుల గదుల్లో వినపడుతుంటే షేకులకు నిద్ర పట్టలేదు. 1970ల నుంచి ఆసియా కూలీ వైపు మొగ్గడానికి చవక ఒక కారణమైతే, భాష రాకపోవడం, వెళ్లగొడితే అడిగేవాడు లేకపోవడం ఇంకో కారణం. మనవాళ్ల మౌనానికి కూడా వాళ్లు జీతం ఇచ్చారు.

1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించాక ఈ మార్పు పూర్తయింది. యెమెన్ ప్రభుత్వం అమెరికా యుద్ధానికి మద్దతివ్వనందుకు సౌదీ అరేబియా యెమెనీలకున్న ప్రత్యేక సౌకర్యాలు తీసేసింది. కొద్ది నెలల్లో దాదాపు 8 లక్షలమంది దేశం వదలవలసివచ్చింది. యుద్ధం ముగిశాక కువైట్ మూడు లక్షలకు పైగా పాలస్తీనీయులను లేకుండా చేసుకుంది. ఆ ఖాళీలకు బొంబాయి దొడ్లలో మూలలు లేచాయి, ఆ మాల్ గట్టిపడే పనిలేకుండానే. మనవాళ్లు ఎవరినీ తరమలేదు. తరమబడ్డవాళ్ల సంగతి కూడా వాళ్లకు ఎవరూ చెప్పలేదు, రంగూన్‌లో బర్మా కూలీలకు చెప్పనట్టే.

కూలీని ఇలా ఒకచోట తీసి ఒకచోట పెట్టడానికి వీలు కల్పించేది కఫాలా. వలసవాడి నివాసమూ ఉద్యోగమూ రెండూ కఫీల్ అనే ఒక యజమానికి ముడిపెట్టే పద్ధతి. దీన్ని అరబ్బుల ప్రాచీన ఆతిథ్య సంప్రదాయమని కొందరంటారు. బహ్రెయిన్ చరిత్రకారుడు ఒమర్ అల్ షెహాబీ దీని ఆధునిక రూపాన్ని బ్రిటిష్ అధికారుల దస్తావేజుల్లో చూపించాడు. ముత్యాల వేటకు, ఆ తర్వాత చమురు పనులకు వచ్చే పరాయి కూలీలను తక్కువ ఖర్చుతో అదుపులో పెట్టడానికి 1920ల నుంచి స్థానికుడొకడిని జామీనుగా నిలబెట్టే ఏర్పాటు చేశారు. రంగూన్ మేస్త్రీని, బహ్రెయిన్ కఫీల్‌ను ఒకే సామ్రాజ్యం పోషించిందన్నమాట.

మన ప్రభుత్వం సంగతి. 1983 దాకా మన దేశం నుంచి కూలీల వలసను నడిపింది 1922 నాటి బ్రిటిష్ చట్టమే. గల్ఫ్ వలస మొదలై పదేళ్లయ్యాక 1983లో కొత్త చట్టం వచ్చింది. ఏజెంట్లకు రిజిస్ట్రేషన్, వలసదారుల సంరక్షణాధికారి, పాస్‌పోర్టు మీద క్లియరెన్సు ముద్ర వచ్చాయి. సంరక్షణ ఎంతవరకంటే, 2020 సెప్టెంబరులో కరోనా కాలంలో గల్ఫ్ దేశాలకు పోయే మన కార్మికుల కనీస వేతనాలను మన ప్రభుత్వమే తగ్గిస్తూ సర్క్యులర్లు ఇచ్చింది. ఎందుకంటే, ఎక్కువ అడిగితే మనవాళ్ల జాగాలో ఇంకో దేశంవాళ్లను పెట్టుకుంటారట. అన్ని వైపులనుంచీ విమర్శ వచ్చి, కోర్టుదాకా పోయాక 2021 జులైలో వెనక్కి తీసుకున్నారు. జాగా అనే మాట ఇక్కడ ఢిల్లీ నోటినుంచే వచ్చిందని గమనించాలి.

మా ప్రాంతం నుంచి ఇంతమంది ఎందుకు పోయారన్నదానికి కరువు ఒక్కటే జవాబు కాదు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్రలో వేలమంది రైతు కూలీలు నడిచారు. వెట్టి పోవాలి, కూలి పెరగాలి అన్నారు. అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఊళ్లలో పోలీసు క్యాంపులు వెలిశాయి. కొడుకు ఇంట్లో ఉంటే స్టేషన్‌కు, లేకపోతే అడవికి అని భయపడ్డ తల్లులు అప్పుచేసి వాళ్లను బొంబాయి బస్సు ఎక్కించారు. కూలి పెంచమని ఊళ్లో అడిగినవాడు, కూలి గురించి నోరెత్తితే విమానం ఎక్కించి వెనక్కి పంపే దేశానికి పోయాడు. అందరూ ఇలాగే పోయారని అనను. కొందరు పోయారని మా ఊళ్లోనే పేర్లు తెలుసు.

మా బావ 1991లో కంపెనీ వదిలేశాడు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే ఉండిపోయింది. ఇలాంటివాళ్లను మనవాళ్లు 'ఖల్లివల్లి' అంటారు. పోనీ, వదిలెయ్ అని అర్థమిచ్చే అరబ్బీ మాట మన నోట్లో ఒక మనిషి హోదా అయిపోయింది. సౌదీలో ప్రభుత్వం వాడే మాట 'హురూబ్', పారిపోయినవాడు. పని మానేసిన మనిషికి జైలునుంచి తప్పించుకున్నవాడి పేరు పెట్టడంలో దాపరికం లేదు.

అప్పుడు మొదలైంది మా బావ నిజంగా పని వెతుక్కోవడం. తెల్లారకముందే షార్జాలో రోలా దగ్గర రోడ్డు పక్కన నిలబడేవాడు. జగిత్యాల అడ్డామీద నిలబడ్డట్టే. పికప్ బండి ఆగితే చుట్టూ మూగేవాళ్లు. తాబూక్ మేసన్ కావాలా, ప్లాస్టర్ కావాలా, షట్టరింగ్ కావాలా అని హిందీలో బేరం. పఠాన్లు, బంగ్లాదేశీయులు, మలయాళీలు, మనవాళ్లు. ఎవరికి ఏ పని చక్కగా వస్తుందో అందరికీ తెలుసు. రేటు తగ్గించి ఎక్కిపోయినవాడితో సాయంత్రం గదిలో ఎవరూ మాట్లాడేవాళ్లు కాదట. కంపెనీలో నెలకు వచ్చినదానికి రెండింతలు సంపాదించాడు. మొదటిసారి మేసన్‌గా పని చేశాడు. ఒక విల్లా ప్రహరీ మొత్తం ఒక్కడే కట్టాడు. "గా గోడ ఇప్పటికి ఉంటది" అంటాడు. డబ్బు ఎగ్గొట్టినవాళ్లూ ఉన్నారు. రెండుసార్లు చేసిన పనికి పైసా రాలేదు, ఎవరికి చెప్పుకుంటాడు? ఒకసారి సారవ మీదినుంచి పడి కాలు విరిగితే ఆసుపత్రికి పోలేదు. అందుకే ఇప్పటికీ కుంటుతాడు.

మార్క్స్ చెప్పిన స్వేచ్ఛాకార్మికుడు గల్ఫ్‌లో ఎక్కడైనా ఉంటే ఆ రోడ్డు పక్కన ఉన్నాడు. తన సరుకును తనే బేరమాడి, నచ్చినవాడికి అమ్ముకున్నాడు. చట్టం దృష్టిలో అతనొక్కడే నేరస్థుడు. 1996లో ఎమిరేట్స్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటిస్తే వేలమందితో పాటు అతనూ తిరిగొచ్చాడు. పని చేసినందుకు క్షమాపణ దొరకడం ఎలా ఉంటుందని అడిగితే జవాబు చెప్పలేదు.

కంపెనీల్లో మిగిలినవాళ్లు ఊరికే ఉన్నారని కాదు. ఇప్పుడు బుర్జ్ ఖలీఫా అని పిలిచే 828 మీటర్ల గోపురం పని నడుస్తుండగానే, 2006 మార్చిలో ఆ సైటులో రెండు వేలమందికి పైగా కూలీలు తిరగబడ్డారు. తర్వాతి ఏడాది దుబాయిలో సమ్మెలు ఇంకా పెద్దవయ్యాయి. సమ్మె చట్టవిరుద్ధమైన చోట ఇది జరిగింది. దీని మీద తెలుగులో ఒక్క మంచి కథ నా కంటపడలేదు. శవపేటికల మీద ఎన్ని చదివానో లెక్కలేదు. ఖతార్‌లో ప్రపంచ కప్పు పుణ్యమా అని 2020లో యజమాని అనుమతి లేకుండా పని మారే హక్కు కాగితం మీద వచ్చింది. పారిపోయాడని ఫిర్యాదు చేసే అధికారం మాత్రం యజమాని దగ్గరే ఉంచారు.

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం దుబాయి కాదు. 2023 అక్టోబరు తర్వాత ఇజ్రాయెల్ పాలస్తీనా కూలీల పర్మిట్లు ఆపేసింది. అక్కడి నిర్మాణ రంగంలోనే 80 వేలకు పైగా పాలస్తీనీయులు పని చేసేవాళ్లు. 1990ల్లో కూడా ఇలాగే సరిహద్దులు మూసి వాళ్ల జాగాలో రుమేనియన్లను, చైనీయులను తెచ్చుకున్నారు. ఈసారి మన వంతు. రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం అంతకుముందే, 2023 మేలో అయింది. రోహ్‌తక్, లక్నోలలో పరీక్షలు పెట్టారు. షట్టరింగ్, ఇనుము వంచడం, టైల్స్, ప్లాస్టరింగ్ - ఈ నాలుగు పనులకు. 2024 మేలో హైదరాబాద్‌లోనూ పెట్టారు. తొమ్మిది వందలకు పైగా మనవాళ్లు ఎంపికయ్యారు. జీతం నెలకు లక్షా ఇరవై వేల పైనే. కేంద్ర కార్మిక సంఘాలు వ్యతిరేకిస్తూ ప్రకటన చేశాయి. లైన్లో నిలబడ్డవాళ్లకు ఆ ప్రకటన చేరిందో లేదో కాని, చేరినా లక్షా ఇరవై వేలకు అది జవాబు కాదు. ఆ లైన్లో నిలబడ్డవాడిని తప్పుపట్టే అర్హత, నెల జీతం తీసుకుంటూ వ్యాసాలు రాసే నాకు లేదు. అతనికి సంగతంతా చెప్పవలసిన బాధ్యత మాత్రం ఉంది.

మా బావ కొడుకు టైల్స్ పని చేస్తాడు. పరీక్షకు పోతానన్నాడు. ఇప్పుడు జగిత్యాలలో ఇళ్లు కట్టేది బీహార్, ఒడిశా కూలీలు, వాళ్లు తీసుకునే రేటుకు తనకు గిట్టదని వాడి ఫిర్యాదు. ఆ రాత్రి ముగ్గురం కూర్చున్నాం.

"మనకంటె ముందు ఆడ ఎవలు జేసేటోళ్లు?" అని బావ అడిగాడు.

చెప్పాను.

"వాళ్లిప్పుడు ఏం జేస్తున్రు?"

పని లేకుండా ఉన్నారని, కొందరు గోడ దూకి పనికి పోబోయి కాల్పుల్లో చనిపోయారని చెప్పాను. బావ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గోడ దునికెటోళ్లు మేస్త్రీలే గదా?" అన్నాడు. అవునన్నాను. కొడుకు ఫోన్ చూసుకుంటూ వింటున్నాడు.

పరీక్ష తేదీకి వాడు పోలేదు. తండ్రి వద్దన్నందుకో, అప్పు పుట్టనందుకో నాతో చెప్పలేదు. పాస్‌పోర్టు ఇంట్లో బీరువాలో ఉంది. నిజామాబాద్ ఏజెంటు ఖతార్ వీసా ఉందని వారం వారం ఫోన్ చేస్తున్నాడు. వీసా మీద మేసన్ అని రాస్తారట.